మోకాళ్ళ మీద కాన్పు

కడుపుతో ఉన్నప్పుడు నిద్రలో ఇటునుంచి అటు పొర్లితే బొడ్డుపేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుందని వనజమ్మ భయం. లేచి కూర్చుని, ఆ తర్వాతే అటు తిరిగి పడుకోవాలి. కూతురు జాహ్నవి తొలికాన్పుకు రాజుపాలెం వచ్చింది మొదలు వనజమ్మ పక్కనే పడుకుంది. తన కొంగు కొసను కూతురి గాజుకు ముడేసుకుని, కాస్త కదిలినా లేపి కూర్చోబెట్టింది.

అలాంటి తల్లి కళ్ళెదుటే, ప్రొద్దుటూరు ఆసుపత్రి కాన్పుల గదిలో, జాహ్నవి మంచం దిగి నేల మీద మోకాళ్ళూనింది.

"ఏందే ఇది? పైకెక్కి పడుకో. పేగు చుట్టుకుంటాది."

"పడుకుంటే నడుము చీలిపోతాంది మా. ఇట్ల వంగాలనిపిస్తాంది."

కాన్పులు చేసే నర్సు పర్వీన్ ఆమె మోకాళ్ళ కింద దుప్పటి మడిచి పెట్టింది. కడుపుకు చిన్న మిషను ఆనిస్తే బిడ్డ గుండె టకటకమని వినబడింది.

"బాగా కొట్టుకుంటాంది. ఉండనీ అక్కా. ఎట్లుంటే తేలికో ఆ పిల్ల ఒళ్ళే చెప్తాది."

"దానికేం తెలుసు? మొన్నటిదాకా నేను జడేస్తేగానీ కాలేజీకి పోయేది కాదు."

"జడ నువ్వే ఎయ్యి. కాన్పు మాత్రం ఆ పిల్లే చేసుకోవల్ల."

వనజమ్మకు నవ్వు రాలేదు. బిడ్డకేమన్నా అయితే తొండూరు వియ్యపురాలికి ఏం చెప్పాలి? అసలు కూతురు దక్కుతుందా? ఆలోచన ఎటు పోయినా పాడె దగ్గరే ఆగుతోంది. డాక్టరమ్మ కాళ్ళు పట్టుకునైనా ఆపరేషన్ చేయించాలని తలుపు దగ్గరికి నడిచింది.

"యాడికి మా?" అంది జాహ్నవి. "రా. నీ మెడ పట్టుకుంటా."

గడియ మీద చేయి పెట్టిన వనజమ్మ వెనక్కి చూసింది. కూతురి ముఖమంతా చెమట. కానీ ఆ ముఖంలో తన భయం లేదు. వనజమ్మ గడియ వదిలి, వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. జాహ్నవి ఆమె మెడకు వేలాడింది. నడుము కలుక్కుమన్నా తల్లి కదల్లేదు. కూతురు ముక్కినప్పుడల్లా తానూ ముక్కింది.

"నువ్వెందుకక్కా ముక్కుతాండావు?" అంటూనే పర్వీన్ కిందికి వంగింది. "తలొచ్చింది. పేగు ఒక చుట్టుంది, వదులుగానే ఉంది."

వనజమ్మ కూతుర్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. పర్వీన్ వేలితో ఆ చుట్టును తల మీదుగా తప్పించింది.

"శానామంది బిడ్డలకు ఉంటాదిలే. పొర్లితే వచ్చేది కాదు."

మరో నొప్పికి బిడ్డ జారి వచ్చి ఏడ్చింది. ఆడపిల్ల. పర్వీన్ బిడ్డను జాహ్నవి రొమ్ముకు ఆనించింది. తుడుద్దామని చేతులు చాచిన వనజమ్మ మధ్యలోనే ఆగింది.

"నీకేం కావాల్నో చెప్పు మా" అని కూతుర్ని అడిగింది.

"నువ్వు కాసేపు ఏడవకుండా కూర్చో."

వనజమ్మ కూర్చుంది. ఏడుపు మాత్రం ఆపుకోలేకపోయింది.