కళ్ళజోడు చాటు ప్రార్థన

చిత్రిక పట్టిన చెక్క ఇంత నున్నగా వచ్చిందంటే మనసు ఎక్కడున్నా చేతులు మాత్రం అన్నయ్య నేర్పినట్టే నడుస్తున్నాయన్నమాట, నా పన్నెండో ఏట నా వేళ్ళ మీద తన వేళ్ళు వేసి, నారకు ఎదురు పోకురా, చెక్క ఎటు రమ్మంటే అటే పో, అన్నాడు, ఆ అన్నయ్యే ఈ పొద్దున కొట్టు షట్టర్ ఎత్తుతూ నా మొహం చూడకుండా, ఇవాళ భోజనం దగ్గర కళ్ళు మూశావంటే పనిముట్లు అక్కడే పెట్టి వెళ్ళిపో, అన్నాడు, ఒంటిగంట భోజనానికి ఇంకెంతసేపుందో, గోడ గడియారం నిండా పొట్టు, ముల్లు కనపడటం లేదు, కనపడకపోతేనే నయం.

బాప్తిస్మం తీసుకుని మూడు నెలలైంది, ఆ మూడు నెలలూ నేను చేసిన పని తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది, అన్నం ముందు కూర్చోగానే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తాను, పొట్టు రేగే వడ్రంగి కొట్టు కనక ఎవరికీ అనుమానం రాదు, ఆ తుడవడంలోనే లోలోపల ప్రార్థన, కుడి అద్దం అయ్యేసరికి సగం, ఎడమది అయ్యేసరికి ఆమెన్, ఇంట్లో చిన్నది కనిపెట్టేసింది, నాన్నా అద్దాలు అరిగిపోతాయి, దేవుడికి ఈపాటికి వినపడే ఉంటుందిలే, అంది, మా ఆవిడ మాత్రం నవ్వకుండా, మీరు దాక్కునేది మీ అన్నయ్య నుంచా, దేవుడి నుంచా, అని అడిగింది, నిన్న కొట్లో ఏమరుపాటున అద్దాలు తుడవడం అయిపోయినా కళ్ళు తెరవలేదు, పెదాలు కూడా కదిలాయట, తలుపులకు మెరుగు పెట్టే పాలిష్ మామ చూసి, ఏరా అబ్బాయ్, కూరలో ఉప్పెక్కువైతే చెప్పొచ్చుగా, దానికి మంత్రం వెయ్యాలా, అని ఇకిలించాడు, అన్నయ్య నవ్వలేదు, ఓహో, ఇదా సంగతి, మీ దేవుడూ వడ్రంగేనటగా, రమ్మను మరి, ఈ తలుపులు ఎల్లుండికివ్వాలి, అన్నాడు, ఆ తర్వాత గొంతు తగ్గిపోయింది, నాన్న పోయినప్పటి నుంచి నీ కంచంలో అన్నం పెట్టింది ఈ చేతులురా, దండం మాత్రం ఇంకెవరికో, అని సగం అన్నం వదిలేసి లేచిపోయాడు.

ప్రభువా, అన్నం పెట్టినవాడి మనసు కష్టపెట్టమని నువ్వు చెప్పవు కదా, మరి నిన్ను జేబులో దాచుకు తిరగమనీ చెప్పవు, పని పోతే ఇంకో కొట్టు చూసుకుంటాను, అన్నయ్య పోతే ఇంకో అన్నయ్యని ఎక్కడ చూసుకోను, అదిగో రంపం మోటారు ఆగింది, క్యారేజీలు తెరుచుకుంటున్నాయి, పాలిష్ మామ ఇవాళ జోకు వెయ్యడం లేదు, అన్నయ్య నాకు ఎదురుగా కూర్చున్నాడు, నా చెయ్యి దాని అలవాటు కొద్దీ కళ్ళజోడు మీదికి పోయింది, దించేశాను, కళ్ళు మూసుకున్నాను, ప్రార్థన పైకే చెప్పేశాను, తండ్రీ, ఈ అన్నం మా అన్నయ్య చేతుల మీదుగా నాకు పెట్టావు, ఆ చేతుల్ని చల్లగా చూడు, ఆ కుడి భుజం నొప్పి తగ్గించు, ఆయన కడుపు నిండాకే నాది నిండనియ్యి, ఆమెన్.

కళ్ళు తెరిస్తే పాలిష్ మామ ముద్ద నోటి దగ్గరే ఆగిపోయి ఉంది, అన్నయ్య నన్ను చూడటం లేదు, తన అరచేతులు చూసుకుంటున్నాడు, రోజూ ఇదేనా చెప్పేది, అన్నాడు, రోజూ ఇదే అన్నయ్యా, ముందు నీ పేరే, అన్నాను, భుజం సంగతి కూడానా, అన్నాడు, చలి మొదలైన దగ్గర్నుంచీ, అన్నాను, అన్నం కలపడం మొదలుపెట్టాడు, పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు, తిను, చల్లారిపోతోంది, అన్నాడు, అంతే, రేపు పనికి రమ్మంటాడో లేదో తెలియదు, ఇన్నాళ్ళూ భయపడి నేను దాచింది నా విశ్వాసాన్ని ఒక్కదాన్నే అనుకున్నాను, అన్నయ్య కోసం రోజూ చేసిన ప్రార్థన కూడా ఆయనకు వినపడకుండా దాంతోపాటే నా నోట్లో ఉండిపోయింది.