కిటికీకి ఎదురుగోడ

ఊళ్ళో చేలన్నీ ప్లాట్లయ్యాక, మేస్త్రీ పెళ్ళాన్ని వెంటబెట్టుకుని పని కోసం నగరానికొచ్చాడు. తలదాచుకోవడానికి ఒక్క కిటికీ ఉన్న గది దొరికింది. ఆ కిటికీ ఎదురుగా మూరెడు సందు వదిలి కొత్త అంతస్తులు లేపుతున్నారు. పనీ అక్కడే దొరికింది.

మొగుడు కళ్ళెదుటే ఉన్నాడని ఆమె మురిసిపోయింది. ఊచల్లోంచి చెయ్యి చాపి టీ గ్లాసు అందించేది. కానీ గోడ లేచేకొద్దీ గదిలో వెలుతురు తరిగిపోతోంది.

"ఇక్కడో కిటికీ పెడదామా?" అని మేస్త్రీ నసిగితే కాంట్రాక్టరు కస్సుమన్నాడు. "నీకు చేతకాకపోతే చెప్పు, గేటు దగ్గర పదిమంది కాచుక్కూచున్నారు."

అదీ నిజమే. బస్సులు దిగేవాళ్ళు రోజూ దిగుతూనే ఉన్నారాయె!

ఆఖరి వరసకొచ్చేసరికి ఆమెకి అతని కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

"కాస్త వంకరగా కట్టవయ్యా," అంది నవ్వుతూ. "రేపు కూలిపోతే మళ్ళీ కనబడతావు."

అతనూ నవ్వాడు. చివరి ఇటుక పెట్టాడు. అవతల, మిట్టమధ్యాహ్నం, ఆమె లైటు వేసుకున్న చప్పుడు వినబడింది.

అలవాటు కొద్దీ గుండు కట్టిన తాడు వేలాడదీసి చూశాడు. గోడ వెంట్రుకవాసి కూడా వంకర లేదు.