జత కట్టిన ఓటు

కాంగ్రెస్‌ను అడక్కుండా అధ్యక్షుడు యుద్ధానికి దిగడానికి వీల్లేదన్న ఆ తీర్మానం సెనేటర్ వెర్నా ఓస్ట్‌గార్డ్‌ది. రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి, ఒకరిని బతిమాలి, ఇంకొకరితో పోట్లాడి ఓట్లు కూడగట్టింది. తీరా ఓటింగ్ రోజున దాన్ని ఓడించబోయేది తనే!

సెనేట్‌లో పాత మర్యాద ఒకటుంది. తప్పనిసరై రాలేకపోయిన ప్రత్యర్థి కోసం ఇవతలివాళ్లొకరు సభలో ఉండి కూడా ఓటు వేయకుండా ఊరుకుంటారు. దాన్ని జత కట్టడమంటారు. అంతా నోటిమాటే. లూసియానా సెనేటర్ క్లైడ్ బోద్రో మనవరాలి పెళ్లికి పోతూ అడిగితే వెర్నా సరేనంది. అప్పటికి ఓట్లకు లోటు లేదు. ఈ ఉదయం ఇద్దరు అవతలి పక్షానికి జారుకున్నారు. ఇప్పుడామె ఓటేస్తే ఒక్క ఓటుతో నెగ్గుతారు, వేయకపోతే సరిసమానం. సరిసమానమంటే ఓటమే.

“వాడక్కడ పెళ్లిలో గంబో పులుసు జుర్రుకుంటుంటే నువ్విక్కడ మడి కట్టుక్కూర్చుంటావా?” పార్టీ నాయకుడు హోబర్ట్ క్వింబీ చిందులు తొక్కాడు.

“ఇవాళ మాట తప్పితే రేపు నన్నెవడు నమ్ముతాడు?” అంది గానీ వెర్నాకు ఏడుపొక్కటే తక్కువ. క్లైడ్ మీద ఒళ్లు మండింది, తన మీద అంతకన్నా మండింది.

అంతలో వెనక గదిలో ఫోనొచ్చిందన్నారు. క్లైడ్! అవతల బాజాల మోత.

“ఓటేసేశావా వెర్నా?”

“ఎలా వేస్తానయ్యా, నీతో జత కట్టి చచ్చాను కదా!”

“తెంపేశా. పోయి వేసుకో.”

“తాగావా?”

“తాగనిస్తేగా! పెళ్లికొడుకు నేవీలో ఉన్నాడు. సెలవు రద్దంట, సాయంత్రానికల్లా ఓడెక్కాలంట. అధ్యక్షుడు ఎవర్నెక్కడికి పంపినా అడక్కూడదని ముప్పయ్యేళ్లు గొంతు చించుకున్నవాణ్ణి. ఇందాక మనవరాలు నా మొహంలోకి చూసి ‘ఎందుకు తాతా?’ అంది. ఏం చెప్పను?”

వెర్నా కోపమంతా ఎటుపోయిందో పోయింది. “పిల్ల ఎలా ఉంది?”

“ఏడుస్తోంది. ఏడుస్తూనే వాళ్లాయనతో డాన్సు చేస్తోంది. నువ్వు కదులు, గడువైపోతుంది!”

వెర్నా పరుగులాంటి నడకతో సభలోకి వెళ్లి, గుమాస్తాకు కనపడేలా బొటనవేలు పైకెత్తింది. క్వింబీ పెద్దరికం మరిచి ఈల వేశాడు. యాభై, నలభై తొమ్మిది. తీర్మానం నెగ్గింది.

ఆమె తిరిగొచ్చేసరికి క్లైడ్ ఇంకా లైన్లోనే ఉన్నాడు.

“నెగ్గాం! కానీ అధ్యక్షుడు వీటో చేసి తిప్పికొడతాడు క్లైడ్. అప్పుడు మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. మీవాళ్లు కదలరు.”

“నేనొస్తున్నాగా. మనవరాల్ని కూడా వెంటబెట్టుకొస్తున్నా. నన్నడిగిందే మావాళ్లందర్నీ అడుగుతుంది. చెప్పమను చూద్దాం!”