గుండ్లవాగు వచ్చిన మధ్యాహ్నం

ఎగువ ఊరి నుంచి పెద్దులు ఫోన్ చేసేసరికి, అమీరున్నీసా అరుగు మీద కూర్చుని ఉప్పలమ్మకు గాజులు తొడుగుతోంది.

"వాగొచ్చిందక్కా. మా చెక్ డ్యామ్ దుంకి మీ దిక్కే పోతాంది," అన్నాడతను.

మూడో గాజు ఉప్పలమ్మ వేళ్ల కణుపుల దగ్గరే ఆగిపోయింది. ఇద్దరూ అట్లాగే లేచి ఉరికారు.

కట్టంగూరుకు ఆవలనున్న వాళ్ల ఊళ్లో గుండ్లవాగు పారి పదకొండేళ్లయింది. సర్కారు తుమ్మలు కమ్మేసి, చెత్త నిండి, అక్కడో వాగుండేదంటే పిల్లలు నమ్మేవారు కాదు. ఇంటింటా గాజులమ్మే అమీరున్నీసాయే ఆడవాళ్లను పోగేసింది. చెయ్యి పట్టుకుని మరీ అడిగితే కాదనేదెవరు? నాలుగు నెలలు ముప్పై మంది తుమ్మలు కొట్టి, పూడిక తీశారు. చివరికి వాగొడ్డునున్న రఘుపతి చెలక మిగిలింది. గట్టును వాగులోకి జరిపి కలుపుకున్న రెండు గుంటల నేల వదలడానికి అతను ఇరవై రోజులు సతాయించాడు. "నీళ్లు రాకుంటే నా జాగా నాకియ్యాలె," అని మాట తీసుకున్నాకే తవ్వనిచ్చాడు.

ఇద్దరూ వాగులోకి దిగేసరికి నీళ్ల కొస కనబడింది. ఎర్రటి నురుగుతో, ఎండుటాకుల్నీ ఒక తెగిన చెప్పునూ తోసుకుంటూ, మనిషి నడకన వస్తోంది. అమీరున్నీసా దానికి రెండడుగుల ముందు వెనక్కి నడుస్తూ, "రా తల్లీ, గిట్ల రా," అని పిలుస్తోంది. ఊరంతా వెంటబడింది. ఎవరో డప్పందుకున్నారు.

రఘుపతి చెలక దగ్గర నీళ్లు ఆగిపోయాయి. అడ్డంగా ఒక మట్టి దిబ్బ ఉంది. డప్పు ఆగింది. ఈ దిబ్బను తీయించినట్టే అమీరున్నీసాకు గుర్తు.

గట్టు మీదున్న రఘుపతి పార పట్టుకుని దిగాడు.

"జరుగక్కా. తవ్వినంక నేనే మళ్ల పోసిన."

"నువ్వా? ఎందుకు తమ్మీ?"

"రావనుకున్న. వస్తయని ఎవలకెరుక?"

నాలుగు పోట్లకే దిబ్బ తెగింది. నీళ్లు దూకి అమీరున్నీసా కాళ్లు లాగేశాయి. ఆమెను లేపబోయి ఉప్పలమ్మ, ఉప్పలమ్మను పట్టబోయి రఘుపతి పడ్డారు. ముగ్గురికీ నవ్వాగలేదు.

"లే అక్కా, సర్ది జేస్తది," అన్నాడు రఘుపతి చివరికి.

"జేయనీ. నన్ను జర కూసోనీ."

పొద్దు వాలకముందే వాగు పొలిమేర దాటింది. డప్పుతో సహా సగం ఊరు వెంట నడిచింది. పక్క ఊరివాళ్లు పెళ్లి ఊరేగింపనుకుని, అందరికీ చాయ్ పోశారు.