రోడ్డు అవతలి అభ్యంతరాలు

నేను గీసిన జీబ్రా చారలను మా పెద్ద ఇంజనీరు ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. రైలు స్టేషన్ నుంచి కొత్త స్టేడియానికి వచ్చే జనం నేల మీదే నడిచి రోడ్డు దాటేలా, వాళ్ల కోసం కార్లను ఆపే సిగ్నల్ ఉండేలా నేను వేసిన ప్లాన్ అది. దాని మీద ఆయన రాసింది ఒకటే మాట: వంతెన.

ఆఫీసులో ఆయనకు నాన్‌స్టాప్ అని పేరు. మాట్లాడటం మొదలుపెడితే ఆపడు కాబట్టి ఆ పేరని కొందరంటారు. రోడ్డు మీద కారు ఆగితే ఆయనకు ఊపిరి ఆగుతుంది కాబట్టి అని నేనంటాను.

"మ్యాచ్ రోజు పెద్దవాళ్ల కార్లన్నీ పార్కింగ్‌లోకి ఒక్క ఊపున వెళ్లిపోవాలమ్మా. మధ్యలో సిగ్నల్ పెడితే ఎలా? నడిచేవాళ్లని పైకెక్కించేద్దాం. వాళ్లకీ క్షేమం, మనకీ ప్రశాంతం," అన్నాడు.

"మెట్లు ఎక్కలేనివాళ్ల సంగతేంటి సార్?"

"లిఫ్ట్ ఉందిగా. రెండో దశలో."

మా ఆఫీసులో రెండో దశ అంటే నీటి మీద రాత. బస్టాపుకు నీడ, బడి ముందు కాలిబాట, అన్నీ ఆ రెండో దశలోనే హాయిగా నిద్రపోతున్నాయి. పోనీ లెక్క చూపించమన్నాను. కంప్యూటర్‌లో జనాన్ని వంతెన మీద నడిపించి చూపించాడు. ఎక్కడా తోపులాట లేదు. ఎందుకుంటుంది? ఆ కంప్యూటర్ మనిషికి మోకాళ్లు నొప్పెట్టవు, చంకలో పిల్లలుండరు, చేతిలో సంచి ఉండదు. అందుకే మేమతన్ని అల్లుడుగారు అంటాం. ఊళ్లో ఉన్నవాళ్లంతా అల్లుళ్లే అన్నట్టు లెక్క కట్టి చేతులు దులుపుకున్నారు.

"మరి మా అత్తయ్య ఎలా వస్తుంది సార్?" అని అడిగేశాను.

"ఇంటి విషయాలు ఆఫీసుకి తేకూడదమ్మా," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా అత్తయ్య ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి. కూర మాడినా కిక్కురుమనదు. ఫుట్‌బాల్ స్టేడియంలో కూర్చుందంటే మాత్రం రిఫరీని కడిగి ఆరేస్తుంది. మామయ్య ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లేవాళ్లు. ఆయన పోయాక ఇక మానేస్తుందిలే అనుకున్నాం. మానలేదు. మోకాళ్లు అరిగిపోయినా చేతికర్ర పట్టుకుని, రైలెక్కి వెళ్లి, ఎప్పటి వరుసలోనే కూర్చుంటుంది. పక్క సీటుకూ టికెట్ కొని దాని మీద తన సంచి పెట్టుకుంటుంది. ఆ సీటు సంగతి మేమెవరం అడగం.

ఇప్పుడు ఆ పాత స్టేడియం మూసేస్తున్నారు. కొత్తదాని ముందు మెట్లు తప్ప దారి లేకపోతే అత్తయ్యకు ఇక ఆట లేనట్టే. "టీవీలో చూడొచ్చు కదమ్మా," అని మా ఆయన ఒకసారి నోరు జారాడు. ఆ వారమంతా తల్లి అతనితో మాట్లాడితే ఒట్టు.

ఆ సాయంత్రం ఆమె మోకాలికి మందు రాసుకుంటుంటే జరిగింది చెప్పాను.

"నువ్వు గీసిందాన్ని కొట్టేశాడా? మరి నువ్వేమన్నావు?"

"వంతెన ప్లాన్ మీద సంతకం పెట్టనన్నానత్తయ్యా. వీధి దీపాల సెక్షన్‌కి పంపేస్తానన్నాడు. పంపండి, నడిచేవాళ్లు అక్కడా ఉంటారు అన్నాను."

"బాగా అన్నావు. జనాన్ని అడగరా అసలు?"

"అడుగుతారు. సభ పెడుతున్నారు."

"అయితే వస్తాను. స్టేడియంలో మా వరుస వాళ్లందర్నీ తీసుకొస్తాను," అని మందు సీసా మూత గట్టిగా బిగించింది.

స్టేడియం కడుతున్న చోటే, రేకుల షెడ్డులో సభ పెట్టారు. జనం దాని మీదుగా వచ్చి మెచ్చుకోవాలని అనుమతి రాకముందే వంతెనను నిలబెట్టేశారు. కింద, నేను చారలు గీసిన చోట, ఎవరూ దాటకుండా రోడ్డుకు రెండు వైపులా తాడు కట్టారు.

సభ మొదలయ్యేసరికి కుర్చీలు సగం ఖాళీ. వచ్చినవాళ్లంతా చురుగ్గా, చెమట చుక్క లేకుండా ఉన్నారు. అల్లుడుగారే ఇంతమందిగా మారి వచ్చినట్టుంది. అత్తయ్య జాడ లేదు. నాన్‌స్టాప్ వంతెనను గుక్క తిప్పుకోకుండా పొగిడాడు. చివరికి, అనుమతి ఇవ్వాల్సిన అధికారిణి తలెత్తి, "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అని అడిగింది. ఎవరూ నోరు మెదపలేదు.

"మెట్ల వల్ల ఇబ్బంది అన్నవాళ్లు ఒక్కరూ లేరు మేడమ్," అన్నాడు నాన్‌స్టాప్, ఓరగా నా వైపు చూస్తూ.

అప్పుడే నా ఫోన్ మోగింది.

"అమ్మాయ్, మేం అందరం వచ్చి చాలాసేపైంది," అంది అత్తయ్య. "రోడ్డుకి ఇవతలే ఉన్నాం, మెట్ల కింద. ఇది ఎక్కడం నా వల్ల అయ్యే పని కాదు. చక్రాల కుర్చీలో ఒకాయన ఉన్నాడు, చంటిపిల్లల తల్లులున్నారు. ఏం చేయమంటావు?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వంతెన ఎక్కలేనివాళ్ల మాట వినడానికి సభ పెట్టి, ఆ సభను వంతెన దాటాక పెట్టాం. ఇంతమంది ఇంజనీర్లం, ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

లేచి నిలబడ్డాను. "మేడమ్, అభ్యంతరాలున్నాయి. రోడ్డు అవతల నిలబడి ఉన్నాయి. తీసుకొస్తాను."

"ఎలా తెస్తావు? అక్కడ కార్లు ఆపడం సాధ్యం కాదని నీకెన్నిసార్లు చెప్పాను!" నాన్‌స్టాప్ గొంతు పెరిగింది.

నా ప్లాన్ చుట్టి పట్టుకుని బయటికి నడిచాను. తాడు విప్పి రోడ్డు మీదికి దిగాను. ఎర్ర గీత కొట్టిన ఆ కాగితాన్ని రెండు చేతులా విప్పి, వచ్చే కార్లకు ఎదురుగా పట్టుకుని నిలబడ్డాను. పొడవాటి నల్ల కారొకటి కీచుమంటూ నా ముందు ఆగింది. లోపల స్టేడియం కంపెనీ పెద్దాయన. ఎవరి కారు ఆగకూడదని నా చారలు కొట్టేశారో ఆయనే. డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయలేదు. రోడ్డు అవతలి సగంలో ట్రాఫిక్ పోలీసు మొదట నా మీదే ఈల వేశాడు. చక్రాల కుర్చీని చూశాక ఏమనుకున్నాడో, అటు తిరిగి తన వైపు కార్లకు చెయ్యెత్తాడు.

"రండత్తయ్యా!" అని అరిచాను.

అటువైపు తాడు ఎవరో విప్పారు. అందరికంటే ముందు అత్తయ్య, కర్ర టకటకలాడిస్తూ తన నడక తాను నడిచింది. వెనక చక్రాల కుర్చీ, చంకల్లో పిల్లలు, కర్రలు, సంచులు. ఆగి ఉన్న నల్ల కారు దగ్గరికి రాగానే ఆమె ఒక్క క్షణం ఆగింది.

"ఎందుకు నాయనా అంత మోత? కనిపిస్తూనే ఉన్నావులే," అంది డ్రైవర్‌తో. హారన్ ఆగిపోయింది.

షెడ్డు గుమ్మంలో అధికారిణి నిలబడి చూస్తోంది. ఆమె పక్కన నాన్‌స్టాప్ మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

లోపలికి వచ్చాక అత్తయ్య మైకు తీసుకోలేదు. రిఫరీల కోసం దాచిన గొంతు ఆమెది, మైకు అక్కర్లేదు.

"అభ్యంతరం ఉందా అని అడిగారట. ఉంది. రాసుకోండి. మేం కింద నుంచే వస్తాం."

"అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది," నాన్‌స్టాప్ గొంతు సవరించుకున్నాడు, "కానీ అక్కడ కార్లు ఆపడం సాధ్యం..."

"ఇప్పుడే ఆగాయి కదయ్యా," అంది అత్తయ్య.

అధికారిణి నా ప్లాన్ అడిగి తీసుకుని బల్ల మీద పరిచింది. ఎర్ర గీత కింద నా చారలు చక్కగా కనిపిస్తున్నాయి. "ఈ దారి తేలేదాకా వంతెనకి అనుమతి లేదు. ఒక్కొక్కరూ చెప్పండి, రాసుకుంటాను," అంది.

అత్తయ్య ముందు వరుసలో కూర్చుని, పక్క కుర్చీ మీద తన సంచి పెట్టుకుంది. షెడ్డు నిండిపోయింది, చాలామందికి కుర్చీలు చాల్లేదు. ఆ కుర్చీ మాత్రం ఆమె వరుస వాళ్లెవరూ అడగలేదు.