ఆరు లీటర్ల గీత

కొట్టంలో గోడకు ఒక పలక వేలాడుతూ ఉండేది. ఏ ఆవు ఎన్ని లీటర్లు ఇచ్చిందో దాని మీద రాయడం చిన్నకూతురి పని. ఇంట్లో అందరికంటే ఆమె దస్తూరీయే బాగుంటుంది. మాటే తక్కువ. “నీ నోట్లో నాలుక ఉందో లేదో డాక్టరుకి చూపించాలే,” అని అన్న ఏడిపించేవాడు. “నువ్వు నోరు విప్పిన రోజు వాన పడుతుంది.”

వేసవి మొదట్లో పశువుల పెంపకం గురించి సలహాలిచ్చే మేడమ్ ఇంటికి వచ్చింది. గడ్డి చాలక, చాకిరీ తెమలక నాన్న నలిగిపోతున్నాడు. ఆయనే రమ్మన్నాడు. ఆవిడ అందర్నీ వంటింటి బల్ల చుట్టూ కూర్చోబెట్టి తలా ఒక కాగితం ఇచ్చింది.

“వానలు పడేలోగా ఏం సాధించాలో రాయండి. ఊరికే కోరుకుంటే కుదరదు. ఎంత, ఎప్పటికి, ఈ రెండూ ఉండాలి.”

పద్నాలుగు ఆవుల్ని పన్నెండుకి తగ్గించాలని నాన్న రాశాడు. అన్న పాలు పిండే యంత్రం అని రాశాడు. అమ్మ చాలాసేపు ఆలోచించి, వారానికి ఒక్కరోజైనా తెల్లారేదాకా పడుకోవాలని రాసింది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది గానీ రాసింది కొట్టేయలేదు.

చిన్నదాని కాగితం ఖాళీగా ఉంది. ఆమెకు కావలసింది ఒక్కటే, ఒంటికొమ్ము ఆవు ఎక్కడికీ పోకూడదు. అది పుట్టిన రోజే తల్లి చచ్చిపోతే, సీసాతో పాలు పట్టి పెంచింది తనే. అయితే ఆ కోరికకు ఎంత అన్నదీ లేదు, ఎప్పటికి అన్నదీ లేదు. అందుకే రాయలేదు.

“మరి ఏ రెండింటిని పంపాలో ఎలా తేలుస్తారు?” అని మేడమ్ అడిగింది. ఎవరికి ముద్దైన ఆవు వాళ్లకుంది. చిన్నది తన కాగితం మీద ఒక వాక్యం రాసి ముందుకు జరిపింది. “వరసగా ఇరవై ఒక్క రోజులు ఆరు లీటర్లకంటే తక్కువ ఇచ్చిన ఆవు వెళ్లిపోవాలి.” ఆ రోజుకి ఒంటికొమ్ముది ఏడు ఇస్తోంది.

నాన్న రెండుసార్లు చదివాడు. “ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు,” అంటూ ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆయన అలా చెయ్యి వేసి ఎన్నేళ్లయిందో. అందరూ సంతకాలు పెట్టారు. ఆ కాగితాన్ని పలక పక్కనే అంటించారు.

ఎండలు ముదిరాయి. ఒంటికొమ్ముది మేత తగ్గించింది. ఏడు ఆరయింది, ఆరు ఐదున్నరయింది.

చిన్నది రోజూ పిండేది రెండావుల్ని. రెండోది పక్కనే కట్టేసే చుక్కది, అమ్మ ఆవు. నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది. అమ్మ గొంతు వినపడితే తప్ప అది చేపదు, పాలు వదలదు. అందుకని చీకటితోనే లేచి, కూతురు పిండినంతసేపూ అమ్మ గడప మీద కూర్చుని దానితో కబుర్లు చెప్పేది. మోకాళ్ల నొప్పి, రాత్రి మాడిన కూర, అన్న బద్ధకం, అన్నీ దానికి తెలుసు.

చుక్కది ఏడున్నర ఇస్తోంది. అందులోంచి ఒక లీటరు ఇటు వంపితే ఎవరికి నష్టం? కొట్టం వెనక, కొలిచే చోట, చుక్కదాని బిందెలోంచి ఒంటికొమ్ముదాని బిందెలోకి చిన్నది ఒక లీటరు వంపింది. పలక మీద రెండూ ఆరు దాటాయి.

తర్వాత చుక్కది కూడా ఎండకి తగ్గింది. ఆరున్నర. ఒంటికొమ్ముది నాలుగున్నరకి దిగింది. ఇప్పుడు ఒకటిన్నర వంపితేనే ఇటు ఆరవుతుంది, అటు ఐదే మిగులుతుంది. ఇవాళ చల్లబడుతుంది, రేపు చల్లబడుతుంది అనుకుంటూ వంపుతూనే ఉంది. తీరా లెక్కపెడితే పలక మీద చుక్కది ఆరుకి తగ్గి ఇరవై ఒక్క రోజులు.

నాన్న పలక ముందు నిలబడి, “చుక్కది,” అన్నాడు.

“నాలుగు ఈతలు ఈనిన తల్లి అది,” అంది అమ్మ. “ఎండకి కాస్త తగ్గుంటుంది, అంతేగా.”

“సంతకం పెట్టాం కదే. దాన్ని వదిలితే అన్నిట్నీ వదలాలి.”

అమ్మ కూతురి వైపు తిరిగింది. “పిండేది నువ్వే కదమ్మా. నిజంగా అంత తగ్గిందా?”

చిన్నది అవునన్నట్టు తల ఊపింది.

మర్నాడు పొద్దున్నే పశువుల బేరగాడు వ్యాను తెచ్చాడు. అమ్మ తనే పలుపు తాడు అతని చేతికిచ్చింది. “అన్నా, పక్కన కూర్చుని మాట్లాడితేనే ఇది పాలిస్తుంది. కొనుక్కున్నవాళ్లకి చెప్పు.”

“ఏం మాట్లాడాలమ్మా?”

“ఏదో ఒకటి. కూరలో ఉప్పెక్కువైందన్నా సరే.”

అతను నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

ఆ మర్నాడు పాల క్యాన్లు చూసి నాన్న కణత రుద్దుకున్నాడు. “ఐదు తగ్గాలి కదరా. ఆరున్నర తగ్గిందేంటి?”

“క్యానుకి చిల్లు పడిందేమో,” అన్నాడు అన్న.

అప్పుడు నోరు విప్పింది చిన్నది. మొదటి రోజు నుంచీ జరిగిందంతా చెప్పింది. వాన పడలేదు.

నాన్న కేకలేయలేదు. మోటార్ సైకిల్ తీసుకుని బేరగాడి దగ్గరికి వెళ్లి, మధ్యాహ్నానికి ఒక్కడే తిరిగొచ్చాడు. అప్పటికే రెండు చేతులు మారిందట, ఎటు పోయిందో బేరగాడికీ తెలియదట. అమ్మ ఒక్క మాటే అంది. “అడిగాను కదే నిన్ను.”

అప్పటినుంచి చిన్నది ఒంటికొమ్ముదాని పాలు పలక మీద ఉన్నదున్నట్టే రాసింది. నాలుగున్నర. నాలుగు. నాలుగు. ఇరవై ఒకటో రోజున ఎవరూ పంపమనలేదు, ఎవరూ ఉంచమని కూడా అనలేదు. ఎవరో ఒకరు అంటారేమోనని ఆమె వ్యాను వచ్చేదాకా చూసింది. తర్వాత పలుపు తనే విప్పింది. అది ఎప్పటిలాగే ఆమె జేబులో మూతి పెట్టి, దాణా కోసం వెతుక్కుంటూ వ్యాను ఎక్కింది.

వానలు పడ్డాక మేడమ్ మళ్లీ వచ్చింది. అందరి కాగితాలూ చూసి ముచ్చటపడింది. “పద్నాలుగు నుంచి పన్నెండు, అదీ అనుకున్న గడువులోగా. ఇంత కచ్చితంగా చేసినవాళ్లని నేను చూడలేదు,” అంటూ టిక్కు పెట్టింది. అమ్మ రాసిన దాని మీద వేలు ఆనించి, “మరి మీ సంగతేంటమ్మా? వారానికొక పొద్దు పడుకోగలుగుతున్నారా?” అని అడిగింది.

అమ్మ బల్ల తుడుస్తూనే ఉంది.

“ఇప్పుడు రోజూ పడుకోవచ్చండీ,” అంది. “నేను వెళ్లకపోయినా పాలిచ్చేవే, ఉన్నవన్నీ.”

మేడమ్ దానికీ టిక్కు పెట్టింది.