తడి బూట్లు

పిల్లలూ, ఎవరి బూట్లు వాళ్ళే వేసుకోమని నేనెందుకు అన్నిసార్లు చెబుతానో మీకు తెలియదు. ఈ కథ మీకెవరూ చెప్పలేదు. విసుక్కోకుండా వినండి.

అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఒక వీధిలో జయంతి, శ్యామ్‌సుందర్ ఉండేవాళ్ళు. ఒక్కతే కూతురు, మేధ, ఆరో క్లాసు. ఆ వీధి మంచుకి ఒక అలవాటు ఉండేది. ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళ అడుగులు ఎంత మంచు కురిసినా పూడవు. వాళ్ళు తిరిగొచ్చి గడప తొక్కగానే వాటంతటవే పూడిపోతాయి. ఈలోగా ఎవరైనా చెరిపేస్తే ఆ మనిషికి ఇల్లు గుర్తుండదు. మనిషి బయటికెళ్ళగానే ఇల్లు ఊడవకూడదంటాం కదా, అక్కడ అడుగుల మీద పార వేయకూడదు, అంతే.

ముందటేడు మంచు తీసే ట్రక్ అతను పక్కింటి జితేందర్ అడుగులు గీకేశాడు. సాయంత్రం జితేందర్ తన ఇంటి ముందే కార్ స్లో చేసి, గుమ్మంలో ఉన్న భార్య భవితకి మర్యాదగా చెయ్యూపి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఒహైయోలో ఉంటున్నాడట.

"కిటికీలోంచి చూస్తూ ఉండాల్సింది, భవితా. నేనైతే చూసుకునేదాన్ని" అంది జయంతి, పప్పు గిన్నె ఇవ్వడానికి వెళ్ళి.

జయంతి అన్నీ చూసుకునే మనిషే. ఆ జనవరి మంగళవారం కిటికీ సందుల్లో పాత తువ్వాళ్ళు కుక్కింది. పైపులు గడ్డకట్టకుండా కుళాయిలు సన్నగా వదిలింది. గ్యారేజ్ తలుపు సగంలో బిగుసుకుపోతే, ముందు గుమ్మంలోంచే చెత్తడబ్బా రోడ్డుదాకా లాక్కెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు పార కోసం ఆ తలుపు కిందనుంచి వంగి గ్యారేజ్‌లోకి దూరి, అట్నుంచటే ఇంట్లోకి వచ్చింది.

బూట్లు విప్పుతుంటేనే ఆఫీస్ కాల్ మొదలైంది.

"అమ్మా, నా బూట్స్ ఇంకా వెట్‌గానే ఉన్నాయ్! నువ్వు డ్రై చేస్తా అన్నావ్!"

జయంతి ఫోన్ మ్యూట్ చేసింది. "ఏదో ఒకటి వేసుకుని పో మేధా. బస్ మిస్ అయితే నేను డ్రాప్ చేయలేను."

మేధ ఏదో ఒకటి వేసుకుని పోయింది.

మధ్యాహ్నం హెచ్‌ఓఏ నుంచి, అంటే కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం నుంచి, మెయిల్. మూడింటికల్లా ఇంటిముందు దారి శుభ్రంగా ఉండాలి. వీధిలో మన ఇంటి ముందే మంచు ఉందనిపించుకోవడం జయంతికి చచ్చేంత సిగ్గు. వెంటనే గ్యారేజ్‌లో పడున్న పాత చెప్పులు తొడుక్కుని పార పట్టుకుంది. శ్యామ్‌సుందర్ అడుగులు పెద్దవి. వాటి చుట్టూ ముగ్గు చెరపకుండా కసవు తీసినట్టు గీకింది. రెండో వరుస తన బూట్లవి. అడుగున నక్షత్రం గుర్తు. ఇంటికొచ్చాక కూడా ఇవెందుకు పూడలేదని ఒక్క క్షణం ఆగింది. గడప తొక్కలేదుగా, గ్యారేజ్‌లోంచి వచ్చాను, అందుకే, ఎలాగూ ఇంట్లోనే ఉన్నానుగా అనుకుంది. నున్నగా గీకేసి, పైన ఉప్పు చల్లింది.

మూడున్నరకి బస్ దిగి మేధ వీధిలో నిలబడింది. ఇంటికేసి చూసింది. ఎవరిదో ఇంటిని చూసినట్టు చూసి ముందుకు నడిచింది. జయంతి సాక్సులతోనే పరిగెత్తింది.

"మేధా! ఎటు పోతున్నావే? ఇటు రా!"

మేధ రెండడుగులు వెనక్కి వేసింది. "సారీ ఆంటీ, డూ ఐ నో యూ?"

పక్కింటి తలుపు తెరుచుకుంది. భవిత మేధ కాళ్ళకేసి చూసింది, జయంతి ఇంటిముందు నల్లగా మెరుస్తున్న కాంక్రీటుకేసి చూసింది.

"లోపలికి రా అమ్మా, చలి. పాలు తాగుతావా?"

"భవితా, అది నా కూతురు!"

"తెలుసు అక్కా" అంది భవిత. "చూసుకోవాల్సింది."

తలుపు వేసుకుంది.

సాయంత్రం శ్యామ్‌సుందర్ క్షేమంగా వచ్చాడు. ఆయన అడుగులు చక్కగా పూడాయి.

మేధ ఇప్పుడు భవిత ఇంట్లోనే పెరుగుతోంది. భవితని అమ్మా అంటుంది. అది జరిగిన మర్నాడే ఎవరో తలుపు కొడితే జయంతి పరిగెత్తుకెళ్ళి తీసింది. మేధ, అడుగున నక్షత్రం గుర్తున్న బూట్లు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి తెచ్చింది.

"ఇవి మీవి అనుకుంటా ఆంటీ. బై మిస్టేక్ వేసుకున్నాను. థాంక్యూ."

గడప తొక్కకుండా, అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

రేపు మీ పిల్లలకీ ఇది చెప్పండి. పార ఎత్తేముందు అడుగు ఎవరిదో చూసుకోమనండి. అంతకన్నా ముందు తడి బూట్లు ఆరబెట్టమనండి. ఇక లేవండి. మీవి ఇలా తెండి, హీటర్ దగ్గర పెడతాను.